ఇంటి ఫొటోల డిజిటల్ భాండారం

కుటుంబ సభ్యులు తీసిన, బంధుమిత్రుల నుంచి అందుకున్న, పాత ఆల్బముల నుంచి స్కాన్ చేసుకున్న ఫొటోలనూ వీడియోలనూ ఒకచోట చేర్చి, వరుసలో పెట్టి, వివరాలు రాసి, చెడిపోకుండా కాపాడి, తర్వాతి తరానికి అందించే పనిని వ్యక్తిగత ఫొటో భాండార నిర్వహణ అంటారు. గ్రంథాలయాల వర్గీకరణ, పత్రికల ఫొటో విభాగాల అనుభవం, కంప్యూటర్ నిల్వ పద్ధతులు ఇందులో కలుస్తాయి. అయితే ఇంటి భాండారానికి ఒక ప్రత్యేకత ఉంది. పత్రికా కార్యాలయానికి వచ్చే ఫొటో వెంట అందులో ఎవరున్నారో, ఎప్పుడు తీశారో చెప్పే రాత కూడా వస్తుంది. ఇంట్లో ఆ సమాచారం మనుషుల జ్ఞాపకంలోనే ఉంటుంది. వాళ్లు దాటిపోతే ఫొటో మిగులుతుంది, అందులోని మనిషి పేరు మిగలదు. అందువల్ల ఫైళ్లను సర్దడం కన్నా వాటికి మాటలు జతచేయడమే ఈ పనిలో అసలు భాగం.

నేపథ్యం

ఫిల్మ్ కెమెరాల కాలంలో ఒక రీలుకు సాధారణంగా 36 ఫొటోలు వచ్చేవి. రీలు కొనాలి, కడిగించాలి, ప్రింట్లు వేయించాలి. ప్రతి అడుగుకూ ఖర్చు ఉండడంతో తీసేవి తక్కువ, దాచుకునేవి ఎక్కువ. స్టూడియో ముద్ర, ఇంటి పెద్ద కలంతో రాసిన తేదీ, పేర్లు ప్రింటు వెనుకే ఉండేవి. వృత్తిగా చేసేవారి దగ్గర ఈ క్రమం ఇంకా గట్టిగా ఉండేది. హైదరాబాదులో ఆరో నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా పనిచేసిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) గాజు నెగటివ్‌ల మీద సంఖ్యలు వేసేవారు. ఆయన ప్రింట్లు చాలావాటి మీద ఆ సంఖ్య ఇప్పటికీ కనిపిస్తుంది.

1975లో అమెరికాలోని ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థలో స్టీవెన్ సాసన్ తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరా, నిలువు 100, అడ్డం 100 బిందువుల నలుపు తెలుపు చిత్రాన్ని క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకుంది. 1992లో జేపెగ్ ప్రమాణం రావడంతో కంటికి పెద్దగా తేడా తెలియకుండానే ఫైలును పదో వంతుకు కుదించడం వీలైంది. 2000లో జపాన్‌లో షార్ప్ కంపెనీ తొలి కెమెరా ఫోన్లలో ఒకదాన్ని అమ్మకానికి పెట్టింది. స్మార్ట్‌ఫోన్లు ఇంటింటికీ చేరాక ఫొటో తీయడానికి అయ్యే ఖర్చు దాదాపు లేకుండా పోయింది. సర్దడానికి పట్టే సమయం మాత్రం తగ్గలేదు.

ఫైలు లోపలి రాత

డిజిటల్ ఫొటో ఫైలులో బొమ్మతో పాటు కొంత అక్షర సమాచారం కూడా ఉంటుంది. దీన్ని మెటాడేటా అంటారు. ప్రింటు వెనుక రాతకు ఇది కొత్త రూపం. కెమెరా తనంతట తాను రాసే భాగాన్ని ఎక్సిఫ్ అంటారు. జపాన్ ఎలక్ట్రానిక్ పరిశ్రమల అభివృద్ధి సంఘం 1995లో దీని తొలి ప్రమాణాన్ని ప్రకటించింది. తీసిన తేదీ, సమయం, కెమెరా మోడల్, లెన్సు వివరాలు, కెమెరాను నిలువుగా పట్టుకున్నారా అడ్డంగానా, ఫోను అయితే అక్షాంశ రేఖాంశాలు ఇందులో నమోదవుతాయి. మనిషి చేతితో చేర్చే శీర్షిక, వివరణ, కీలకపదాలు, పేర్ల కోసం రెండు ప్రమాణాలు వాడుకలో ఉన్నాయి. వార్తాసంస్థల అవసరాల కోసం పుట్టిన ఐపీటీసీ ఒకటి, అడోబీ సంస్థ 2001లో తెచ్చిన ఎక్స్‌ఎంపీ రెండోది.

తెలుగులో వివరాలు రాసుకునేవారికి ఈ తేడా ముఖ్యం. ఎక్సిఫ్‌లోని వివరణ గడి చాలాకాలం ఇంగ్లిష్ అక్షరాలకే పరిమితం. 2023 నాటి 3.0 కూర్పుతోనే అందులో ఇతర లిపులకు చోటు వచ్చింది. ఎక్స్‌ఎంపీ మొదటి నుంచీ యూనికోడ్ మీద నడుస్తుంది కనుక తెలుగు అక్షరాలు అందులో చెక్కుచెదరవు. డీటీపీ కేంద్రాల్లో వాడే అను వంటి పాత ఫాంట్లలో కొట్టిన తెలుగు మాత్రం ఆ ఫాంటు లేనిచోట అర్థంలేని గుర్తులుగా మారిపోతుంది, వెతికితే దొరకదు. ఆల్బం డిజైనర్ ఇచ్చిన పేర్లూ వివరాలూ ఆ రూపంలో ఉంటే యూనికోడ్‌లోకి మార్చి భద్రపరచుకోవాలి.

ఎక్సిఫ్ తేదీని కళ్లు మూసుకుని నమ్మడానికి లేదు. గడియారం సరిచేయని కెమెరా తప్పు సంవత్సరాన్ని నమోదు చేస్తుంది. ఏ దేశపు సమయమో చెప్పే గడి 2016లో వచ్చిన 2.31 కూర్పు దాకా ప్రమాణంలోనే లేదు. అమెరికాలోని డల్లాస్ నుంచి పెళ్లికి వచ్చిన బంధువు తన కెమెరా గడియారం మార్చకపోతే, ఆమె తీసిన ఫొటోలు స్థానిక ఫొటోల కన్నా పదిన్నర లేదా పదకొండున్నర గంటలు వెనక్కి వెళ్లి, తలంబ్రాలు స్నాతకం కన్నా ముందు వచ్చినట్టు కనిపిస్తాయి. దీనికి సులువైన దిద్దుబాటు ఉంది. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో మండపంలోని కెమెరాలన్నీ క్లిక్‌మంటాయి. ఒక్కో కెమెరాలో ఆ ఫొటో సమయాన్ని పోల్చి, తేడా ఎంతో లెక్కగట్టి, ఆ కెమెరా ఫొటోలన్నిటినీ అంతే జరిపితే వరుస కుదురుతుంది. ఫిల్ హార్వీ 2003 నుంచి అభివృద్ధి చేస్తున్న ఉచిత సాధనం ఎక్సిఫ్‌టూల్ ఇలాంటి సవరణను వేల ఫైళ్లకు ఒకేసారి చేస్తుంది.

ఒకచోట చేర్చడం

సాధారణంగా ఒక కుటుంబపు ఫొటోలు పాత ఫోన్లలో, మెమరీ కార్డుల్లో, సీడీల్లో, స్టూడియో ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లలో, మెయిల్ ఖాతాల్లో, వాట్సాప్ గ్రూపుల్లో చెల్లాచెదురుగా ఉంటాయి. మొదటి పని వీటన్నిటినీ ఒకే పెద్ద డిస్కులోకి తేవడం. ఒక్కో మూలానికీ వేరే ఫోల్డర్ పెట్టి, సర్దడం పూర్తయ్యేదాకా మూలంలోని ప్రతిని చెరపకుండా ఉంచడం క్షేమం.

ఇక్కడ పొంచి ఉండే ప్రమాదం ఫైలు పేర్లలో ఉంది. 1998లో జపాన్‌లోనే రూపొందిన డీసీఎఫ్ నియమం ప్రకారం కెమెరాలు తమ ఫైళ్లను డీసీఐఎం అనే ఫోల్డర్ కింద ఉంచుతాయి. ప్రతి పేరులో నాలుగు అక్షరాలు, ఆపై 0001 నుంచి 9999 వరకు నాలుగంకెల సంఖ్య ఉంటాయి. 9999 దాటగానే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. అంటే 2009 నాటి సంక్రాంతి ముగ్గుకూ, 2013 నాటి అక్షరాభ్యాసానికీ ఒకే పేరు పడే అవకాశం ఉంది. రెండిటినీ ఒకే ఫోల్డర్‌లోకి కాపీ చేస్తున్నప్పుడు కంప్యూటర్ అడిగే ప్రశ్నకు తొందరలో అవునన్నవారు పాత ఫొటోను పోగొట్టుకుంటారు.

వాట్సాప్ ద్వారా వచ్చినవి మరో తరగతి. ఫొటోగా పంపితే ఆ సేవ పరిమాణాన్ని తగ్గిస్తుంది, తీసిన తేదీనీ స్థలాన్నీ తొలగిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఫైలు పేరులో కనిపించే తేదీ ఫొటో అందిన రోజుదే. తాతగారి 1978 నాటి ఫొటోను మనవడు 2021లో పంపితే అది 2021 ఫొటోల మధ్య చేరుతుంది. అసలు ప్రతి కావలసినప్పుడు డాక్యుమెంట్‌గా పంపమని అడగాలి. అప్పుడు ఫైలు ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

ఏరివేత

ఒకే ఫైలుకు రెండు ప్రతులుంటే చెక్‌సమ్ అనే లెక్క వాటిని తప్పకుండా పట్టిస్తుంది. ఫైలులో ఒక్క బిట్టు మారినా ఆ విలువ మారిపోతుంది కనుక, అదే ఫొటో వాట్సాప్‌లో కుదించుకుని వచ్చిన రూపాన్ని ఈ పద్ధతి గుర్తించలేదు. అందుకు బొమ్మలోని వెలుగునీడల అమరికను పోల్చే పద్ధతి వాడతారు. డిజీకామ్ వంటి కార్యక్రమాల్లో ఆ సౌకర్యం ఉంది. పోలికలు దొరికాక పెద్ద ఫైలును, తేదీ చెరగని ఫైలును ఉంచి మిగతావి తీసేయాలి.

ఆ తర్వాతి ఎంపిక మనిషే చేయాలి. గ్రూపు ఫొటో వరసగా ఎనిమిదిసార్లు తీస్తే అందరి కళ్లూ తెరిచి ఉన్నది ఒకటో రెండో ఉంటాయి. మసకబారినవి, గుడ్ మార్నింగ్ బొమ్మలు, కరెంటు బిల్లుల ఫొటోలు, స్క్రీన్‌షాట్లు భాండారంలోకి రానక్కర్లేదు. అయితే చక్కగా రాలేదన్న ఒక్క కారణంతో తీసేయకూడని ఫొటోలు ఉంటాయి. పాత ఇంటి వంటగది, పెరటి బావి, తాత సైకిలు, కూల్చేసిన వసారా వెనకాల కనిపించే ఫొటో ఎంత మసకగా ఉన్నా దానికి బదులు మరొకటి దొరకదు. రోజువారీ బతుకు కనిపించే ఫొటోలు ఏ ఇంట్లోనైనా తక్కువే, పెళ్లి వేదిక మీద వరుసగా నిలబడినవే ఎక్కువ.

ఫోల్డర్ల అమరిక

ఎక్కువమందికి పనికొచ్చే అమరిక చాలా సాదాది. సంవత్సరానికి ఒక ఫోల్డర్, దానిలో సందర్భానికి ఒక ఫోల్డర్. సందర్భం పేరుకు ముందు సంవత్సరం, నెల, రోజు ఇదే క్రమంలో అంకెల్లో రాస్తే, ఉదాహరణకు 2019-04-06 ఉగాది అని పెడితే, కంప్యూటర్ అక్షరక్రమంలో పేర్చినా అది కాలక్రమమే అవుతుంది. తేదీలకు అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 8601 చెప్పే క్రమం కూడా ఇదే. మన అలవాటు ప్రకారం రోజును ముందు రాస్తే ప్రతి నెలలోని ఆరో తేదీలన్నీ ఒకచోట గుమిగూడతాయి.

పండుగ పేరు రాయడం అలంకారం కాదు. ఉగాది, వినాయక చవితి, దసరా, దీపావళి చాంద్రమానాన్ని అనుసరిస్తాయి కనుక ఏటా ఇంగ్లిష్ తేదీ మారుతుంది. ఇరవై ఏళ్ల వినాయక చవితులన్నీ చూడాలంటే తేదీతో వెతకడం కుదరదు, ఆ మాట ఎక్కడో రాసి ఉండాలి. ఊరు పేరు కూడా చేర్చడం మేలు. ఇప్పటి కంప్యూటర్లు, ఫోన్లు తెలుగు ఫోల్డర్ పేర్లను ఇబ్బంది లేకుండా చూపుతాయి. పెన్‌డ్రైవ్ పెట్టి చూసే కొన్ని పాత టీవీల్లో మాత్రం అవి డబ్బాలుగా కనిపించవచ్చు.

ఫోల్డర్‌కు ఒక పరిమితి ఉంది. ఒక ఫొటో ఒకచోటే ఉంటుంది. అమ్మమ్మ షష్టిపూర్తి ఫొటో ఆ వేడుకకూ, అమ్మమ్మకూ, అందులో ఉన్న పదిమందికీ చెందుతుంది. ఆ బహుముఖ సంబంధాన్ని ట్యాగులు, అంటే కీలకపదాలు మోస్తాయి.

మనుషుల పేర్లు

తెలుగు కుటుంబాల ఫొటోల్లో పేర్లు రాయడం అనుకున్నంత తేలిక కాదు, అందుకే చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మొదటి చిక్కు వరసలు. ‘బాబాయి’ అని ట్యాగ్ పెడితే అది పెట్టినవారికే అర్థమవుతుంది. అదే మనిషి మరొకరికి మామయ్య, ఇంకొకరికి తాతయ్య, భార్య తరఫువారికి బావ. వరస పిలుపు చూసేవారిని బట్టి మారుతుంది, పేరు మారదు. కనుక ట్యాగులో ఇంటిపేరుతో సహా పూర్తి పేరు ఉండాలి. వరస రాయాలనుకుంటే ఎవరికి ఏమవుతారో వివరణలో వాక్యంగా రాయాలి.

రెండో చిక్కు ఒకే పేరు మళ్లీమళ్లీ రావడం. తాత పేరు మనవలకు పెట్టే ఆచారం వల్ల ఒకే ఇంటిపేరుతో ముగ్గురు వెంకటేశ్వర్లు ఉండటం విడ్డూరం కాదు. పేరు పక్కన పుట్టిన సంవత్సరం చేరిస్తే తికమక తీరుతుంది. మూడోది పెళ్లి తర్వాత ఇంటిపేరు మారిన స్త్రీలు. పుట్టింటి ఇంటిపేరు, మెట్టినింటి ఇంటిపేరు రెండూ ఒకే ట్యాగులో ఉంటేనే చిన్నప్పటి ఫొటోలూ తర్వాతి ఫొటోలూ ఒకే మనిషివని తెలుస్తుంది. నాలుగోది ఇంగ్లిష్ స్పెల్లింగు. లక్ష్మి అనే పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో కనీసం రెండు మూడు రకాలుగా రాస్తారు. తెలుగులో రాస్తే ఆ గొడవ ఉండదు. ఇంగ్లిష్‌లోనే రాయాలంటే ఇంట్లో అందరూ ఒకే రూపాన్ని ఎంచుకోవాలి. ఇంట్లో పిలిచే ముద్దుపేరు కూడా చేర్చాలి. చిన్నపిల్లలుగా ఉన్నప్పటి ఫొటోలను పెద్దలు గుర్తుపట్టేది ఆ పేరుతోనే.

గూగుల్ ఫొటోస్, ఆపిల్ ఫొటోస్, డిజీకామ్ వంటివి ముఖాలను పోల్చి ఒకే మనిషి ఫొటోలను గుంపు చేస్తాయి. కొన్ని సేవలు ఈ పనిని తమ సర్వర్లలో చేస్తే, కొన్ని కార్యక్రమాలు పరికరంలోనే పూర్తిచేస్తాయి. చిన్ననాటి ముఖాన్నీ పెద్దయ్యాక ముఖాన్నీ కలపడంలో, కవలలను విడదీయడంలో ఇవి తడబడతాయి. కాబట్టి ఫలితాన్ని మనిషి సరిచూడక తప్పదు.

యంత్రం చెప్పలేని పేర్లను చెప్పగలిగేది ఇంటి పెద్దలే. వారిని కూర్చోబెట్టి టీవీ తెర మీద ఒక్కో ఫొటో చూపిస్తూ, వారు చెప్పేది ఫోనులో రికార్డు చేసి, తర్వాత తీరిగ్గా వివరణల్లోకి ఎక్కించడం బాగా పనిచేసే పద్ధతి. ఒక విడతలో ముప్ఫై నలభై ఫొటోలు మించితే అలిసిపోతారు. భాండారంలో మిగతా పనులన్నీ వాయిదా వేసినా నష్టం తక్కువ. ఈ పనికి మాత్రం గడువు ఉంది, ఆ గడువు ఎవరి చేతిలోనూ ఉండదు.

పాత ప్రింట్ల స్కానింగ్

4×6 అంగుళాల ప్రింటును అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే 1200×1800 బిందువుల బొమ్మ వస్తుంది, 600 చొప్పున చేస్తే 2400×3600. చిన్న ప్రింట్లకు 600 మేలు. 35 మిల్లీమీటర్ల నెగటివ్ దొరికితే ప్రింటు కన్నా అదే మంచి మూలం. అంగుళానికి 3000 చుక్కలతో దాని నుంచి సుమారు 12 మెగాపిక్సెళ్ల చిత్రం వస్తుంది. మూల ప్రతిని నాణ్యత తగ్గని టిఫ్ రూపంలో దాచి, చూడటానికీ పంచడానికీ జేపెగ్ తీసుకుంటారు. జేపెగ్‌ను దిద్ది మళ్లీ భద్రపరచిన ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది.

ప్రింటు వెనుక ఏదైనా రాసి ఉంటే వెనుక వైపు కూడా స్కాన్ చేయాలి. జిగురు షీట్ల ఆల్బంలో అతుక్కుపోయిన ఫొటోలను బలవంతంగా పీకకూడదు. పేజీని అలాగే స్కాన్ చేయడం నయం. స్కాన్ ఫైలులో నమోదయ్యేది స్కాన్ చేసిన తేదీ. దాన్ని ఫొటో తీసిన తేదీగా మార్చాలి. సరైన తేదీ తెలియకపోతే అంచనా సంవత్సరం వేసి, అది అంచనా అని వివరణలో రాయాలి. స్టూడియో ముద్ర, చంకలోని పిల్లల వయసు, అప్పటికి ఇంటికి పడిన పెంకులు లేదా డాబా ఆ అంచనాకు సాయపడతాయి.

సాఫ్ట్‌వేర్

నిర్వహణ కార్యక్రమాలు వస్తుంటాయి, పోతుంటాయి. గూగుల్ 2004లో కొని ఉచితంగా ఇచ్చిన పికాసాను మన దగ్గరా చాలామంది వాడారు. 2016లో అది ఆగిపోయింది. పికాసాలో జేపెగ్ ఫొటోలకు రాసిన వివరణలు ఐపీటీసీ రూపంలో ఫైలులోనే చేరడం వల్ల నేటికీ ఏ కార్యక్రమంలోనైనా చదవవచ్చు. దాని సొంత జాబితాలో ఉన్న ఆల్బములు మాత్రం దానితోనే పోయాయి. ఆపిల్ ఐఫొటో (2002), అపర్చర్ (2005) స్థానంలో 2015లో ఫొటోస్ వచ్చింది. వృత్తి ఛాయాచిత్రకారులు ఎక్కువగా వాడే అడోబీ లైట్‌రూమ్ మొదటి కూర్పు 2007లో విడుదలైంది. డిజీకామ్ ఉచితం, దాని సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది. ఇంట్లోనే చిన్న సర్వర్ పెట్టుకోగలిగినవారు ఇమిచ్ వంటివి వాడుతున్నారు.

ఎంపికలో చూడవలసిన ముఖ్యమైన సంగతి ఒకటే. రాసిన వివరాలను ఆ కార్యక్రమం ఫైలులోకో, పక్కనే ఉండే ఎక్స్‌ఎంపీ ఫైలులోకో ఎక్కిస్తుందా, తన దగ్గరే దాచుకుంటుందా? గూగుల్ ఫొటోస్ నుంచి టేకవుట్ అనే సాధనం ద్వారా ఫొటోలను దించుకుంటే, అక్కడ మార్చిన తేదీలు, రాసిన వివరణలు జేసన్ అనే వేరే టెక్స్ట్ ఫైళ్లలో వస్తాయి. వాటిని తిరిగి ఫొటోలకు కలపడం మరో పని. 2017లో ఐఓఎస్ 11తో ఆపిల్ ఫోన్లు వాడటం మొదలుపెట్టిన హీఫ్ రూపం జేపెగ్ కన్నా దాదాపు సగం చోటే తీసుకుంటుంది, కానీ పాత కంప్యూటర్లు కొన్ని దాన్ని తెరవలేవు.

నకళ్లు

ఒక్క ప్రతిగా ఉన్న డిజిటల్ ఫొటోకు భద్రత లేదు. అమెరికన్ ఛాయాచిత్రకారుడు పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 నియమం ప్రకారం మూడు ప్రతులు ఉండాలి, అవి రెండు రకాల మాధ్యమాల మీద ఉండాలి, ఒకటి వేరే చోట ఉండాలి. వేరే చోటు అంటే పక్క గది కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినట్టు, ఒకే విపత్తు ఒక ఊరంతటినీ తాకుతుంది. మరో ఊళ్లోని తోబుట్టువు ఇంట్లో ఒక డిస్కు ఉంచితే ఆ ప్రమాదం తప్పుతుంది, ఆ ఇంటికీ ఒక ప్రతి దక్కుతుంది.

సగటున 4 మెగాబైట్ల ఫొటోలైతే ఒక టెరాబైట్ డిస్కులో సుమారు రెండున్నర లక్షలు పడతాయి. చోటును నిజంగా తినేవి వీడియోలే. హార్డ్‌డిస్కులు కదిలే భాగాల వల్ల చెడతాయి. పెన్‌డ్రైవ్‌లు, ఎస్‌ఎస్‌డీలు కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి పడి ఉంటే సమాచారం పోగొట్టుకోవచ్చు. ఇంట్లో రాసుకున్న సీడీల్లోని రంగు పొర వేడికీ వెలుగుకూ పాడవుతుంది. కొన్నేళ్లకోసారి కొత్త డిస్కులోకి మార్చుకోవాలి. ఏడాదికి ఒకసారైనా నకళ్లను తెరిచి చూడాలి, చెక్‌సమ్‌లతో సరిపోల్చగలిగితే మరీ మంచిది.

క్లౌడ్ సేవ ఒక ప్రతిగా పనికొస్తుంది, ఏకైక ప్రతిగా కాదు. ఫోనులో చెరిపితే క్లౌడ్‌లోనూ చెరిగే అమరికలు ఎక్కువ. అది సమకాలీకరణే తప్ప బ్యాకప్ కాదు. చోటు ఆదా చేసే అమరికలో గూగుల్ ఫొటోస్ 16 మెగాపిక్సెళ్లకు మించిన ఫొటోలను ఆ పరిమాణానికి తగ్గిస్తుంది. 2021 జూన్ 1 నుంచి ఆ రకం ఫొటోలకు ఉన్న అపరిమిత ఉచిత నిల్వ ముగిసి, అవి కూడా ఖాతాకు ఇచ్చే 15 గిగాబైట్లలోనే లెక్కకు వస్తున్నాయి.

హక్కులు, గోప్యత

పెళ్లి ఫొటోల విషయంలో కరిజ్మా ఆల్బంతో పాటు అసలు ఫైళ్లన్నీ ఇవ్వమని స్టూడియోతో ముందే మాట్లాడుకోవాలి. భారత కాపీరైట్ చట్టం (1957) 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోలకు తొలి హక్కుదారు తీయించుకున్నవారే. ఫొటోలను బయట పంచేటప్పుడు స్థల వివరాలు తొలగించడం మంచిది. ఇంటి దగ్గర తీసిన ఫొటోలోని అక్షాంశ రేఖాంశాలు ఇంటి చిరునామా చెప్పేస్తాయి. భాండారంలోని మూల ప్రతిలో మాత్రం వాటిని చెరపకూడదు.

వారసత్వం

ట్రంకు పెట్టెలోని ఆల్బం ఎవరు తెరిచినా తెరుచుకుంటుంది. తాళం పడిన ఫోను, పాస్‌వర్డ్ తెలియని ఖాతా అలా తెరుచుకోవు. రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాలను ఫొటోలతో సహా తొలగించవచ్చని గూగుల్ 2023లో ప్రకటించింది. గూగుల్‌లోనే 2013 నుంచి ఉన్న నిష్క్రియ ఖాతా అమరికలో, ఖాతా కొన్ని నెలలు వాడకపోతే సమాచారం ఎవరికి చేరాలో ముందే రాసిపెట్టవచ్చు. పదిమంది వరకు పేర్లు ఇవ్వవచ్చు. ఆపిల్ 2021 చివర్లో ఇలాంటి వారసుల నమోదును ప్రవేశపెట్టింది.

సొంత డిస్కుల్లోని భాండారానికి ఒక పేజీ కాగితం చాలు. డిస్కులు ఎక్కడెక్కడ ఉన్నాయి, ఏది మూల ప్రతి, ఫోల్డర్లు ఏ క్రమంలో ఉన్నాయి, తాళం ఉంటే దాని పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు అన్న సంగతులు అందులో ఉండాలి. అదే పాఠాన్ని, పాస్‌వర్డ్ తీసేసి, డిస్కులోని మొదటి ఫోల్డర్‌లో సాదా టెక్స్ట్ ఫైలుగా పెట్టాలి. కాగితం ఉండవలసిన చోటు ఇంటి దస్తావేజులు, బీమా పత్రాలు పెట్టుకునే బీరువా అర.